పగులు మీద పట్టీ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. తఫీదా ఆ రెండూ కలిపి ఒకే వేసవిలో చేసి చూపిస్తానని కూర్చుంది. చెయ్యగలిగిన మనిషే. భర్త పోయాక ఒంటిచేత్తో ఇద్దరు కొడుకులకు రెండంతస్తులు లేపింది, ఇద్దరు కోడళ్లను తెచ్చుకుంది. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. ఆమె వండిన మొలొఖియా ఆకుకూర బాగాలేదన్నవాళ్లు అసలే లేరు.

ఇల్లు అలెగ్జాండ్రియా పాతపేటలో, ట్రాము మలుపు తిరిగే చోటు వెనకాల, ఒక ఇరుకు సందులో ఉంది. కింద మూసేసిన కొట్టు. మొదటి అంతస్తులో పెద్దకొడుకు సబ్రీ, అతని భార్య నజ్లా, వాళ్ల ఇద్దరు పిల్లలు. రెండో అంతస్తులో రెండోవాడు హమ్దీ, అతని భార్య రావియా. మూడో అంతస్తులో తఫీదా, ఆమెతోపాటు పెళ్లి కావలసిన చిన్నకొడుకు ఫిక్రీ. ఆ పైన డాబా, డాబా మీద ఆకాశంలోకి పొడుచుకొచ్చిన ఇనప చువ్వలు. ఆ పేటలో ఏ ఇంటి నెత్తిన చువ్వలు కనిపించినా, ఆ ఇంట్లో ఇంకా ఒక మగపిల్లాడికి పెళ్లి కావాలని అర్థం. చువ్వల్ని చూసి సంబంధాలు మాట్లాడుకునే ఊరది.

ఫిక్రీకి సంబంధం కుదిరింది. పిల్ల తండ్రి మిత్వల్లీ హాజీ ఒక్కటే మాట చెప్పాడు.

"గోడలూ తలుపులూ నెమ్మదిగా చూసుకుందాం తఫీదమ్మా. పండగ వెళ్లేసరికి నెత్తిన స్లాబు పడాలి. స్లాబు లేని చోట నా కూతురి పేరెత్తొద్దు."

అది న్యాయమైన మాటే. అతని స్థానంలో తఫీదా ఉన్నా అదే అనేది. చిక్కల్లా పగులుతో వచ్చింది.

పక్కనున్న పాత బంగళాని కూలగొట్టి, ఎవరో పెద్ద అపార్ట్‌మెంటు కోసం అక్కడ గొయ్యి తవ్వారు. అడుగున ఉప్పునీళ్లు ఊరుతూ, వాటిని తోడే మోటారు రాత్రీ పగలూ మూలుగుతూ ఉండే గొయ్యి. అది తవ్విన కొన్నాళ్లకి, నజ్లా పిల్లలు పడుకునే గదిలో, కిటికీ మూల నుంచి గోడ కిందికి ఒక గీత దిగింది. మొదట బూజనుకుని తుడిచింది. పోలేదు. తర్వాత అందులో చీమలు బారు కట్టాయి. ఆ తర్వాత నాణెం అంచు దూరేంత అయింది. ఆ గది తలుపు భుజం పెట్టి తోస్తే తప్ప తెరుచుకోవడం మానేసింది.

నజ్లాకి నిద్ర కరువైంది. పిల్లల మంచం ఈడ్చి గుమ్మం పక్కన వేసింది. ఎందుకమ్మా అని కూతురడిగితే, ఇక్కడ గాలి బాగా వస్తుందని చెప్పింది. అక్కడ గాలి చెంచాడు కూడా రాదు. చీకట్లో లేచి గోడకి అరచెయ్యి ఆనించి నిలబడేది. లోపల ఏదో సన్నగా రాలుతున్న చప్పుడు, చేటలో బియ్యం పోస్తున్నట్టు. మొగుడికి చెబితే, ఎలకలే పడుకో అనేవాడు. సబ్రీ ట్రాము నడుపుతాడు. రోజంతా గంట మోగించి మోగించి, అతని చెవులకి చిన్న చప్పుళ్లు ఆనవు.

శుక్రవారం భోజనాల దగ్గర తఫీదా ఇంట్లో పంచాయితీ పెట్టారు. అందరికీ తలో ఆలోచన ఉంది. హమ్దీ, ఈ ముసలి ఇంటిని మొత్తం పడగొట్టి పునాది నుంచి కడదామన్నాడు.

"కట్టేదాకా ఎక్కడుంటావురా, నా కొంగులోనా?" అంది తఫీదా.

నజ్లా నోరు విప్పింది. "వెళ్లిపోదాం అత్తయ్యా. ఊరి చివర కొత్త ఇళ్లున్నాయిగా. చిన్నవైనా ఫరవాలేదు."

"ఎడారిలోకా? అక్కడ చస్తే జనాజా మొయ్యడానికి నలుగురు దొరకరు. వీడు ట్రాము ఎక్కడానికి ఇంకో రెండు బస్సులెక్కాలి." తఫీదా రొట్టె తుంచి కోడలి కంచంలో పెట్టింది. "తిను. భయం ఖాళీ కడుపులోంచి పుడుతుంది. మీ మామయ్య పునాది వేసిన ఇల్లిది. పైన చువ్వలు పన్నెండేళ్లుగా నా చిన్నోడి కోసం ఎదురుచూస్తున్నాయి."

ఎటూ తేలక, సందు చివరి ఇంట్లో పుట్టి పెరిగిన ఇంజినీరు నాదిర్‌ని పిలిపించారు. అతను మూడంతస్తులూ తిరిగి చూశాడు. పగులు ఒక్క నజ్లా గదిలోనే కాదు, అదే వరసలో పైన రావియా పడకగదిలోనూ, ఆ పైన తఫీదా గదిలోనూ ఉంది. నాదిర్ జిప్సం కలిపి, ప్రతి పగులుకీ అడ్డంగా అరచెయ్యంత తెల్లపట్టీ ఒకటి వేశాడు. మిగిలిన జిప్సం సంచి మెట్ల కింద పడేశాడు.

"పిన్నీ, ఇది మహా మొండిది. వంగదు, సాగదు. గోడ ఏమాత్రం కదిలినా పుటుక్కున విరుగుతుంది. స్లాబు వేసే రోజు పొద్దున వచ్చి చూస్తాను. మూడూ నిలిచుంటే పాత పగుళ్లే, పోసుకోండి. ఒక్కటి విరిగినా, స్లాబు మాట దేవుడెరుగు, నేనైతే ఈ ఇంట్లో పిల్లల్ని కూడా ఉంచను."

అందరూ సరేనన్నారు. డాబా మీద పిల్లర్లు లేచాయి, సెంట్రింగ్ చెక్కలు బిగించారు.

పది రోజులైనా తిరక్కుండానే నజ్లా పట్టీ విరిగింది. సన్నగా, మధ్యలోకి, ఎవరో పెన్సిల్‌తో గీసినట్టు. ఆమె మంచం మీద కూలబడింది. పిల్లలు బయట సందులో బంతాడుకుంటున్నారు. వాళ్ల అరుపులు వినిపిస్తున్నాయి కనక బతికే ఉన్నారు, అనుకుంది. అటువంటి ఆలోచన వచ్చినందుకు తనని తాను తిట్టుకుంది.

పరుగున వెళ్లి చెప్పాల్సిందే. కానీ ఏమని చెబుతుంది? వెళ్లిపోదామన్నది ఆమె ఒక్కతే. పట్టీ విరిగింది ఆమె గదిలో. పెళ్లి చెడగొట్టడానికి పెద్దకోడలే గోటితో గీకిందంటారు. హమ్దీ అయితే మొహం మీదే అంటాడు. అదీగాక, ఇల్లు ప్రమాదమని ఒకసారి మునిసిపాలిటీ కాగితం పడితే బయటికి తోసేస్తారు. ఆమె మేనత్త కుటుంబాన్ని అలాగే నాలుగు నెలలకని రేకుల గదుల్లోకి తరలించారు. ఏళ్లు గడిచి మేనత్త అక్కడే పోయింది.

సరే, ముందు మిగతావి చూద్దామని ఉల్లిపాయల వంకన రావియా ఇంటికి వెళ్లింది. అక్కడ పట్టీ చెక్కుచెదరలేదు. అత్తగారికి బీపీ మాత్రలు ఇచ్చే వంకన పైకి వెళ్లింది. అక్కడా చెక్కుచెదరలేదు. నజ్లాకి కొండంత బరువు దిగినట్టయింది. ఇల్లు కదిలితే మూడూ విరగాలిగా. నా గోడకే ఏదో తేమ పట్టి ఉంటుంది, అనుకుంది. మెట్ల కింద సంచిలోంచి గుప్పెడు జిప్సం తీసుకొచ్చి, పాతది గీకేసి, అదే కొలతలో కొత్తది వేసింది. చేతులు కడుక్కుంటుంటే ఒకటే అనిపించింది: పగులు మీద పట్టీ వేశానా, నా పిల్లల కళ్లకి గంతలు కట్టానా? ఆ ఆలోచనని కూడా నీళ్లతోపాటు తూములోకి వదిలేసింది.

స్లాబు రోజు వచ్చింది. శుక్రవారం. సందు మొదట్లో సిమెంటు కలిపే మిషను పెట్టారు. గుమ్మం పక్కన గొర్రెపోతుని కట్టేశారు. స్లాబు పడగానే దాన్ని కోసి, దాని నెత్తురులో అరచేతులు ముంచి పిల్లర్ల మీద అద్దుతారు, దిష్టి తగలకుండా. మిత్వల్లీ హాజీ కొత్త జుబ్బా తొడుక్కుని వచ్చి, ఎదురింటి అరుగు మీద టీ తాగుతూ కూర్చున్నాడు. పిల్లలిద్దరూ నానమ్మ దగ్గర, మూడో అంతస్తులో.

నజ్లా ఆ సందడిలో ఒకసారి పిల్లల గదిలోకి తొంగిచూసింది. ఆమె వేసిన పట్టీ విరిగింది. ఈసారి గీత కాదు, రెండు ముక్కలకీ మధ్య వేలిగోరు దూరుతుంది.

నాదిర్ ఇంకాసేపట్లో వస్తాడు. ఆమె మెట్ల కిందికి పరిగెత్తింది. సంచి ఖాళీ. తను తీసింది గుప్పెడే. కూలీలు వాడేసి ఉంటారనుకుని, గది తలుపు మూసి, మలుపులో ఉన్న బసియూనీ కొట్టుకి పరుగుతీసింది.

"చిన్న పొట్లం జిప్సం ఇవ్వు, త్వరగా."

బసియూనీ మనిషి మంచివాడే, నోరు ఊరుకోదు. పొట్లం తూస్తూ నవ్వాడు. "ఏంటమ్మా, మీ ఇంట్లో జిప్సం కూరలో వేసుకుంటున్నారా? మొన్న రావియమ్మ రెండు పొట్లాలు పట్టుకెళ్లింది. నిన్న సాయంత్రం పెద్దావిడ. ఆవిడైతే వారానికోసారి వస్తూనే ఉంది. కాల్షియం మంచిదేలే, ఎముకలకి."

నజ్లాకి అతని నవ్వు వినిపిస్తోంది, అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఒక్క తన గోడ కాదు. ఇల్లు మొత్తం, కింద నుంచి పైదాకా, కదులుతూనే ఉంది. తన పట్టీ బాగుందని చూసి రావియా ధైర్యం తెచ్చుకుంది, రావియాది చూసి తను, ఇద్దరివీ చూసి అత్తగారు. ఒకళ్ల అబద్ధాన్ని నమ్ముకుని ఒకళ్లు నిద్రపోయారు. మరి పిల్లలు ఇప్పుడు అన్నిటికంటే పైన ఉన్నారు.

డబ్బులిచ్చిందో లేదో ఆమెకి గుర్తులేదు. సందులోకి వచ్చేసరికి మిషను తిరుగుతోంది. ఇంజినీరు సరే అనకముందే ఆత్రం పట్టలేక ఫిక్రీ పని మొదలుపెట్టించాడు. కూలీలు పాట పాడుతూ తడి కాంక్రీటు తట్టలు భుజానేసుకుని మెట్లెక్కుతున్నారు. ఒక్కో తట్ట పైకి వెళ్తుంటే నజ్లాకి తన పిల్లల నెత్తిన పెడుతున్నట్టే ఉంది.

నాదిర్ అప్పటికే వచ్చి, పై నుంచి చూసుకుంటూ కిందికి దిగుతున్నాడు. మొదటి అంతస్తు గుమ్మంలో ఆమెకి ఎదురయ్యాడు. వెనకాల సబ్రీ, హమ్దీ, రావియా.

"పైన రెండూ భేషుగ్గా ఉన్నాయి వదినా. మీది ఒక్కటి చూస్తే అయిపోతుంది."

నజ్లా తలుపు భుజంతో తోసి, విరిగిన పట్టీ చూపించింది. చేతిలో పొట్లం కూడా చూపించింది. "ఇది రెండోసారి విరగడం. మొదటిసారి నేనే మళ్లీ పూశాను. పైవి కూడా అంతే. వెళ్లి బసియూనీని అడగండి."

హమ్దీ అందుకున్నాడు. "నీకు మొదట్నుంచీ ఈ ఇల్లంటే పడదు వదినా. తమ్ముడి పెళ్లి ఆపడానికి ఇవాళే దొరికిందా? మా గదిలో పట్టీ మీద గీతైనా లేదు. కావాలంటే రా."

"ఊరుకోండి," అంది రావియా. ఆమె గోడ వైపు చూస్తూ ఏడుస్తోంది. "నేను రెండుసార్లు పూశాను. మీకు చెబితే పడగొట్టేద్దాం అంటారని. అక్కావాళ్లది బాగానే ఉందిగా అనుకున్నాను."

నాదిర్ అరవలేదు, అరిస్తే జనం పరిగెడతారని కాబోలు. "సబ్రీ అన్నా, మిషను ఆపించు. కూలీలు తట్టలు ఎక్కడివక్కడ దించేసి, ఒక్కొక్కళ్లే దిగాలి. దూకొద్దు, పరిగెత్తొద్దు. నేను పైకెళ్లి పిల్లల్ని తెస్తాను."

తెచ్చాడు. నజ్లా ఇద్దర్నీ పొట్టకి అదిమి పట్టుకుని సందులో నిలబడేదాకా ఊపిరి తీసుకోలేదు. మిషను ఆగింది. దాని చప్పుడు పోగానే గోతిలో మోటారు మూలుగు వినిపించింది. ఇల్లు ఎప్పటిలాగే నిలబడి ఉంది, ఆరేసిన బట్టలతో సహా. మిత్వల్లీ హాజీ టీ గ్లాసు పట్టుకునే ఏమైంది, ఏమైంది అని అడుగుతున్నాడు.

"అమ్మేది?" అన్నాడు ఫిక్రీ.

సబ్రీ పైకెళ్లి ఒంటరిగా దిగొచ్చాడు. "రానంటోంది. తన పట్టీ బాగానే ఉందట. మీరంతా పిరికిపందలు అంటోంది. ఎత్తుకొద్దామంటే మంచం కోడు పట్టుకుని కూర్చుంది."

ఎవరు వెళ్లినా అదే జరుగుతుందని నజ్లాకి తెలుసు. పిల్లల్ని సబ్రీ చేతుల్లో పెట్టింది. "వీళ్ల చెయ్యి వదలకు," అని లోపలికి నడిచింది. సబ్రీ పేరు పెట్టి పిలిచాడు. వెనక్కి తిరిగితే ఇక వెళ్లలేనని ఆమె తిరగలేదు.

ఆ మెట్లు పెళ్లయిన నాటి నుంచీ ఎక్కుతున్నవే. అయినా ఇప్పుడు ఒక్కో మెట్టూ కాలితో తడిమి ఎక్కింది. పై నుంచి తడి కాంక్రీటు నీళ్లు మెట్ల మీదికి కారుతున్నాయి. రెండో అంతస్తు దగ్గర ఎక్కడో గచ్చుపలక ఒకటి టపీమని లేచింది. నజ్లా గోడ పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. నోటికి వచ్చిన ఖురాన్ సూరాలన్నీ కలగలిపి చదువుకుంటూ ఎక్కింది.

తఫీదా పండగ బట్టల్లో మంచం మీద కూర్చుని ఉంది. గోడ మీద తెల్లపట్టీ నిండుగా మెరుస్తోంది. నజ్లా దాన్ని ముట్టుకుంది. ఇంకా చల్లగా, తడిగా ఉంది.

"ఏమే, నువ్వు కూడా నన్ను మొయ్యడానికొచ్చావా?"

"లేదత్తయ్యా. మీ పక్కన కూర్చుందామనొచ్చాను." మంచం మీద కూర్చుంది. "ఇల్లు గట్టిదేనంటున్నారుగా. అయితే కిటికీలోంచి పిల్లల్ని కూడా పిలుస్తాను. నానమ్మ పిలుస్తోందంటే ఆగరు. అందరం ఇక్కడే ఉందాం."

నజ్లా లేచి కిటికీ రెక్క తెరవబోయింది. అది బిగుసుకుపోయి రాలేదు. రెండోసారి లాగింది. రెక్క కిర్రుమని తెరుచుకుంది. కింద పిల్లల తలలు కనిపించాయి. పిలవడానికి ఆమె నోరు తెరిచింది. నిజంగా పిలిచేదో లేదో ఆమెకే తెలియదు.

"పిలవకు," అంది తఫీదా.

ఆమె మంచం దిగి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది. ఒకటి తిరగబడి ఉంటే నజ్లా వంగి సరిచేసింది. ఇద్దరూ ఒకరి నడుం ఒకరు పట్టుకుని దిగారు. రెండో అంతస్తు దగ్గర ముసలావిడకి ఆయాసం వచ్చి ఆగింది. ఆగొద్దత్తయ్యా అని నజ్లా బతిమాలుతోంది.

"నేను నాలుగుసార్లు పూశానే," అంది తఫీదా, మెట్ల వైపు చూస్తూ. "నిన్న రాత్రి కూడా. మీవి రెండూ బాగున్నాయిగా అనుకున్నాను. ముసలిదాని గోడ ముసలిదై ఉంటుందిలే అనుకున్నాను. పిల్లల్ని పైకి పిలిపించుకుని బిస్కట్లు పెట్టాను."

"నడవండి అత్తయ్యా."

"వాళ్లు దానికిందే కూర్చుని తిన్నారే."

"నడవండి."

బయటికొచ్చారు. సందంతా జనం. అందరూ మెడలెత్తి పైకి చూస్తున్నారు. ఏమీ కావడం లేదు. కాసేపటికి మిత్వల్లీ హాజీ గొంతు సవరించుకున్నాడు. "నిలబడే ఉందిగా తఫీదమ్మా. ఇంజినీర్లు ఇలాగే భయపెడతారు. కలిపిన కాంక్రీటు గడ్డకట్టిపోతోంది." కూలీల మేస్త్రీ అవునన్నాడు. హమ్దీ కూడా ఇంటివైపు రెండడుగులు వేశాడు. నజ్లాకి అన్నిటికంటే పెద్ద భయం అప్పుడే పట్టుకుంది. ఇల్లు పడకూడదని ఆమె మనసారా కోరుకుంటోంది. పడకపోతే సాయంత్రానికల్లా వీళ్లంతా మళ్లీ మెట్లెక్కుతారు, తన పిల్లలతో సహా.

తఫీదా ఎదురింటి అరుగు మీంచి కుర్చీ తెప్పించుకుంది. తమ గుమ్మానికి అడ్డంగా వేయించుకుని కూర్చుంది.

"కాంక్రీటు వీధిలో పోసేయండి," అంది మేస్త్రీతో. తర్వాత హాజీ వైపు తిరిగింది. "నీ కూతురికి చెప్పు. నా కొడుకు అద్దె గదిలో కాపురం పెడతాడు. ఇష్టమైతే రమ్మను. లేదంటే వేరే సంబంధం చూసుకో, నేనేమీ అనుకోను. ఈ స్లాబు కింద మాత్రం దాన్ని పడుకోబెట్టను."

"అమ్మా, నా ఫోను పైనే ఉండిపోయింది," అన్నాడు హమ్దీ.

"ఉండనీ. నన్ను దాటుకుని వెళ్లగలిగితే వెళ్లు."

హమ్దీ ఆగిపోయాడు. నజ్లా ఒక్కతే అత్తగారి తలమీదుగా పైకి చూసింది. గుమ్మం, గుమ్మం మీద మొదటి అంతస్తు, దాని మీద ఇంకా రెండు, ఆ పైన పచ్చి కాంక్రీటు. ఆ మొత్తం కింద కుర్చీ.

"అత్తయ్యా, ఇవతలికి రండి."

"నేను లేస్తే వీళ్లు లోపలికి పోతారు."

"పోరు. నేను పోనివ్వను. రండి."

ఆమె లేవకపోయేసరికి నజ్లా కుర్చీ చేతులు పట్టుకుని లాగింది. అటువైపు రావియా వచ్చి పట్టుకుంది. ఇద్దరు కోడళ్లూ కుర్చీతో సహా ఆమెని ఎదురింటి గోడదాకా మోశారు. నజ్లా తల ఎత్తి చూసింది. సందు ఇరుకు, ఇల్లు ఎత్తు. అది ఇటు పడితే ఈ గోడ కూడా చాలదు.

"ఇంకా వెనక్కి," అంది.

హమ్దీ వచ్చి కుర్చీ కాలు ఒకటి పట్టుకున్నాడు. ఫిక్రీ గొర్రెపోతు కట్టు విప్పాడు. సబ్రీ పిల్లల్ని చెరో చంకనా ఎత్తుకున్నాడు. ఎదురింటివాళ్లు కూడా తలుపులు తీసుకుని బయటికొచ్చారు.

"ఇంకా," అంది నజ్లా.

మలుపు దగ్గర, బసియూనీ కొట్టు ముందు కుర్చీ దించారు. అక్కడి నుంచి వాళ్ల గుమ్మం కనిపించదు. తఫీదా మెడ సాచి అటే చూస్తుంటే, నజ్లా ఆమెకి అడ్డంగా నిలబడి, పిల్లల్ని తెచ్చి ఆమె ఒళ్లో కూర్చోబెట్టింది.